వృద్ధులకు ఆస్తి వేరు, ఆదాయము వేరు

వృద్ధాప్యమున అక్కరగల పౌరులకు తన ఆర్థిక స్తోమతకు లోబడి ప్రభుత్వము సాయపడవలెనని మన రాజ్యాంగపు 41వ అధికరణము నిర్దేశించుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున అరువది యేండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 40 లక్షల మంది. అందు 7 కోట్ల 30 లక్షల మంది పల్లెవాసులే. కావున వృద్ధుల జీవనము పంచాయతీలు మొదట విచారింపవలసిన విషయము.

భీమవరము ప్రాంతమునే ఉదాహరణగా తీసికొందము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువనీటితో ఈ డెల్టా వరిసీమయైనది. సార్వా, దాళ్వా పంటలున్నచోట ముదిమి పైబడినవారికి కూడ కళ్లమునకు కావలియుండుట, ధాన్యము తూర్పారపట్టుట, పశువులను మేపుట వంటి పని దొరకెడిది. గత నాలుగు దశాబ్దములలో వేలాది యెకరముల వరిపొలములు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారినవి. వరికోత యంత్రములును వచ్చినవి. చెరువు యజమానికి రాబడి పెరిగియుండవచ్చును. ఊడ్పులకు, కోతలకు పోయి బ్రతికిన వృద్ధ స్త్రీకి మాత్రము పని తగ్గినది.

సొంత భూమిగల వృద్ధుని స్థితి వేరు. ఊరివారి దృష్టిలో అతడు రైతు. కాని పొలమును కుమారుల పేర వ్రాసియిచ్చిన పిదప కౌలు సొమ్ము వారికే చేరును. మందుల ఖర్చుకు సైతము అతడు చేయి చాపవలసి వచ్చును.

పట్టణమున చిక్కు మరొక రీతిది. ఉద్యోగ విరమణ చేసి పింఛను పొందువానికి నెలనెల నికరమైన రాబడి కలదు. బియ్యపు మిల్లులో బస్తాలు మోసిన కూలికి నడుము వంగిననాడే ఆదాయము ఆగిపోవును. ఇంటి అద్దె ఆగదు. పల్లెలో సొంత గూడు, పెరటి కూర, ఇరుగుపొరుగుల ఆదరవు కలవు. వైద్యునికొరకు పట్టణమునకు పోవలెనన్న ఆటో కిరాయి వెదకుకొనవలెను. కావున ఇల్లున్నది, పొలమున్నది అని చూచి వృద్ధులు సుఖముగా నున్నారని తలచుట పొరపాటు. నెలకు ఎంత సొమ్ము వారి చేతికి వచ్చుచున్నదో చూడవలెను.

ఈ లోటును కొంత తీర్చునది పింఛను. 1995 ఆగస్టు 15న జాతీయ పథకము ఆరంభమైనపుడు 65 యేండ్లు నిండిన నిరుపేదలకు కేంద్రము నెలకు 75 రూపాయలు నిర్ణయించినది. తరువాత దానిని 200 చేసినది. 2011లో అర్హత వయస్సు 60కి తగ్గినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 జూలై 1 నుండి వృద్ధాప్య పింఛనును నెలకు 4,000 రూపాయలకు పెంచినది. 2019 నాటి రాష్ట్ర నిబంధనలలో నెలసరి ఆదాయ పరిమితి గ్రామములలో 10,000, పట్టణములలో 12,000. ఇది కుటుంబమంతటి ఆదాయము. కొడుకు జీతగాడైన ఇంట తల్లికి పింఛను రాకపోవచ్చును, కొడుకు సొమ్మును అందకపోవచ్చును.

అట్టివారికి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము అండగా నున్నది. రెవిన్యూ డివిజనల్ అధికారి స్థాయి ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనిన, నెలకు 10,000 రూపాయల వరకు మనోవర్తి ఇప్పింపవచ్చును. తనను పోషింపవలెనను షరతుతో ఆస్తిని వ్రాసియిచ్చిన పిమ్మట ఆ షరతు తప్పినచో, ఆ బదిలీని రద్దు చేయుటకును 23వ సెక్షను వీలు కల్పించుచున్నది. అట్టి షరతు ఉన్నట్లు రుజువు కావలెనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు తెలిపినది. కావున నోటిమాటను నమ్ముకొనక, షరతును దఖలు దస్తావేజులోనే వ్రాయించుట మేలు. అంతకంటె మేలు, కొంత భూమినైనను తన పేర నిలుపుకొని వీలునామా వ్రాయుట. వీలునామాను బ్రతికియున్నంతకాలము మార్చుకొనవచ్చును.

పంచాయతీ సభ్యులు తమ వార్డులోని వృద్ధుల వద్దకు పోయి మూడు సంగతులు కనుగొనవలెను: పింఛను వచ్చుచున్నదా? వచ్చిన సొమ్ము ఎవరి చేతిలో నుండుచున్నది? ఆస్తి ఎవరి పేర నున్నది? అర్హులుండియు పింఛను రానివారి పేర్లను గ్రామసభలో చదివి, గ్రామ సచివాలయమునకు అర్జీ పెట్టింపవలెను. అర్జీ వ్రాయలేనివారికి వ్రాసిపెట్టవలెను. దస్తావేజుపై వ్రేలిముద్ర పడకముందు చెప్పిన ఒక్క మాట, పడిన పిమ్మట జరుపు పది తగవులకంటె వృద్ధులకు ఎక్కువ మేలు చేయును.