ఎండ తగలని గుడ్డ

మనం చెవిలో మాత్రమే చెప్పుకునే సంగతి ఒకటి ఈసారి గోడ పత్రికలో రాస్తున్నాను. సిగ్గుపడకుండా చివరిదాకా చదవండి.

మాది పెర్కిట్. ఆర్మూర్ పక్కన పసుపు పండే ఊరు. పసుపు కొమ్ములు ఉడకబెట్టినంక పది, పదిహేను రోజులు ఎండబెడతారు. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది, మార్కెట్ల ధర రాదు. నెలసరి గుడ్డ సంగతీ అంతే. ఎవరన్నా చూస్తారని మంచం కింద, పెట్టె వెనక ఆరేస్తాం. ఆ తడిలో ఈస్టు అనే బూజు జాతి క్రిమి బతుకుతుంది. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒడిశా ఆసుపత్రులకు వచ్చిన 558 మంది స్త్రీలను పరీక్షించారు. గుడ్డలు ఇంటి లోపల ఆరేసినవాళ్లకు, మరుగుదొడ్లో దాచినవాళ్లకు ఈస్టు జబ్బు ఎక్కువగా కనబడింది.

ఏది మామూలు? ఏది జబ్బు?

కొంచెం తెల్లబట్ట కావడం జబ్బు కాదు. ఎముకలు కరిగి పోతున్నాయనే మాట ఉత్తదే. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే క్రిములు ఉంటాయి. పాలను పెరుగు చేసే క్రిములకు ఇవి చుట్టాలు. ఇవి పులుపు తయారుచేసి చెడ్డ క్రిములను పెరగనియ్యవు. లోపల సబ్బు, డెట్టాల్, పసుపు పెడితే ఈ కాపలా చెడిపోతుంది. పసుపు మంచిదే, కూరలోకి!

విరిగిన పాలలాగా తెల్లబట్ట, దురద, మంట ఉంటే అది ఈస్టు కావచ్చు. చేపల వాసన వస్తే వేరే జబ్బు. రెండింటికీ మందులున్నాయి. దాచుకోకుండా నర్సమ్మకు చెప్పాలి.

మనం చేయవలసినవి:

1. బయటి భాగం మాత్రమే మంచినీళ్లతో కడుక్కోవాలి.
2. దొడ్డికి పోయినంక ముందు నుంచి వెనక్కు కడుక్కోవాలి.
3. గుడ్డ గాని, ప్యాడ్ గాని 4 నుంచి 6 గంటలకొకసారి మార్చాలి.
4. గుడ్డను సబ్బుతో ఉతికి ఎండలో పూర్తిగా ఆరనియ్యాలి. ఒకరిది ఇంకొకరు వాడొద్దు.
5. నూలు లోబట్టలు వేసుకోవాలి. తడివి వేసుకోవద్దు.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. ఎండలో ఆరేయమని రాశాను గాని, ఆరేయడానికి మాకు చాటు లేదు. స్నానాల గదుల వెనక ఎండ పడే చోట ఒక తాడు, దానికి అడ్డంగా ఒక తడిక కట్టించండి. మిగతాది మేమే చూసుకుంటాం.