సముద్రం వైపు బాల్కనీ

భిలాయిలో ముప్పై ఏళ్లు రైలు పట్టాలు తయారుచేసినవాడికీ సొంతిల్లు ఉండాలని లేదు. సెక్టర్లలో క్వార్టరు కంపెనీది, ఉద్యోగం ఉన్నన్నాళ్లే మనది. అందుకే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మావాళ్లు రిటైర్మెంటు దగ్గరపడగానే విశాఖ ఫ్లాట్ల లెక్కలు మొదలుపెడతారు. సెక్టర్ 5 బాలాజీ గుడిలో దర్శనం అయ్యాక సాగే కబుర్లలో సగం ఇవే. దుర్గ్ నుంచి విశాఖకు 2024లో వందేభారత్ వేశాక ఆ కబుర్లు ఇంకా పెరిగాయి.

మొన్న మా బావ అన్నాడు: "లాసన్స్ బే కాలనీలో ఒకటి చూసినాను. బాల్కనీలోంచి సముద్రం కనబడతాది."

"కిటికీ అద్దాల మందం ఎంత బావా?" అన్నాను.

"అదేటి, ముహూర్తం అడక్క అద్దాలు అడుగుతావు!"

అద్దాలు ఎందుకంటే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదే తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. భవనాలపై గాలి ఒత్తిడికి మనకున్న ప్రమాణం ఐఎస్ 875 కూడా విశాఖకు ఇంచుమించు అంతే చెబుతుంది: సెకనుకు 50 మీటర్లు. మా భిలాయి పక్కనున్న రాయ్‌పూర్‌కి అది 39. విశాఖలో ఆ ప్రమాణం ప్రకారం కట్టిన స్తంభాలూ దూలాలూ నిలబడ్డాయి. పోయినవి వాటి మధ్య బిగించినవి. స్లైడింగ్ అద్దాలు, ఫాల్స్ సీలింగులు, డాబా మీది ట్యాంకులు, బోర్డులు. ఎయిర్‌పోర్టు పైకప్పే చిరిగిపోయింది.

ఒక్క అద్దం పగిలినా దాంతో ఆగదు. లోపలికి దూరిన గాలి తలుపుల్నీ సీలింగునూ లోపలి నుంచి తోస్తుంది, వెనకే వాన వచ్చి వైరింగునీ బీరువాల్నీ ముంచుతుంది. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు లేకపోతే నాలుగో అంతస్తుకు నీళ్లు బిందెలతో మోయాల్సిందే. బ్రోచర్లో ఈ బొమ్మ ఎవరూ వేయరు.

తుపాను వెళ్లిన వారానికి సముద్రం వైపు ఇల్లు ఎవరూ అడగరు. కొన్నేళ్లు పోతే అదే బాల్కనీకి అదనపు ధర చెబుతారు. ఇది మన ఒక్కరి మతిమరుపే కాదు. అమెరికాలో నార్త్ కరోలినాలో 1999 నాటి ఫ్లాయిడ్ తుపాను తర్వాత వరద ముప్పున్న ఇళ్ల ధర తగ్గిందనీ, ఐదారేళ్లలో ఆ తగ్గుదల చెరిగిపోయిందనీ అక్కడి ఆర్థికవేత్తలు తేల్చారు. అయితే వాళ్లకి ఒక గుర్తుచేసే కాగితం ఉంది: బీమా ప్రీమియం. ఫ్లోరిడాలో 1992 ఆండ్రూ తుపానుకు పలు బీమా కంపెనీలు దివాలా తీశాయి. అక్కడ ఇల్లు కొనేవాడు ధరతో పాటు ప్రీమియమూ అడుగుతాడు. మన దగ్గర ఇంటి బీమా చేసేవాళ్లే తక్కువ. తుపాను ముప్పు ధరలోకి ఎక్కే దారే లేదు.

2021 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలు అమ్ముతున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో తుపాను, వరద కూడా ఉన్నాయి. దాని లెక్క మార్కెట్ ధర మీద కాదు, ఇల్లు తిరిగి కట్టే ఖర్చు మీద. ఫ్లాటు 80 లక్షలైనా కట్టుబడి 30 లక్షలే అయితే బీమా ఆ 30 లక్షలకే. మిగతా 50 లక్షలు నేలకీ చోటుకీ పెట్టినవి. ఆ చోటు విలువ పడిపోతే ఏ పాలసీ ఆదుకోదు.

మా శ్రీకాకుళం వైపు కథ వేరు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అక్కడ ఆస్తి అంటే తోటే. భూమి చెక్కుచెదరకుండా ఉన్నా దాని మీది రాబడి పోయింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇల్లు బాగుచేసుకోవడం దానికంటే తేలిక.

బావకి నేను చెప్పింది ఇంతే. కొనాలనుంటే కొను. కిటికీలకు షట్టర్లు పెట్టించు, ట్యాంకుని గట్టిగా బిగించు. భీమిలి వైపు స్థలమైతే తీర ప్రాంత నియంత్రణ పరిధిలో ఉందో లేదో ముందు కనుక్కో, ఉంటే కట్టడానికి ఆంక్షలుంటాయి. ఇక్కడ ఉంటూ అక్కడి ఫ్లాటుకి నెలల తరబడి తాళం వేసేవాడివి కనక, ఖాళీగా ఉన్న ఇంటికి ఆ గృహ రక్ష పాలసీ ఏం షరతు పెట్టిందో సంతకానికి ముందే చదువు.