అట్టడుగు జట్లు రెండూ ఎదురుపడితే

మెల్బోర్న్ క్రికెట్ గ్రౌండ్ అనగానే మనవాళ్ళకి 2024 డిసెంబరులో విశాఖపట్నం కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి అక్కడ కొట్టిన సెంచరీ గుర్తుకొస్తుంది. ఆ మైదానమే మార్చి నెల వచ్చేసరికి వేషం మార్చేస్తుంది. పిచ్‌ని పెళ్ళగించి తీసుకుపోతారు. రెండు కొసల్లోను నాలుగేసి నిలువు స్తంభాలు పాతుతారు. ఇక సెప్టెంబరు చివరిదాకా అక్కడ క్రికెట్ ఊసే ఉండదు. ఆడేది ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. అక్కడి జనం 'ఫుటీ' అంటారు.

ఈ ఆటలో ఛాంపియన్ల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను రాయబోయేది పట్టికలో చిట్టచివర ఉన్న రెండు జట్లు తలపడే ఆట గురించి. ప్రతి సీజన్లోను ఇలాంటివి కొన్ని తప్పకుండా వస్తాయి. "ఓడిపోయేవాళ్ళ ఆటలో చూసేదేముందయ్యా" అని హాస్టల్లో మిత్రులు నవ్వారు. ఉన్నదనే నా వాదన.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. జట్టుకి 18 మంది మైదానంలో ఉంటారు. మైదానం కోడిగుడ్డు ఆకారం, బంతీ ఇంచుమించు అదే ఆకారం, పీచు తీసిన కొబ్బరికాయని కాస్త సాగదీసినట్టు ఉంటుంది. బంతిని కాలితో తన్నవచ్చు, చేతిలో పట్టుకుని పరుగెత్తవచ్చు. అయితే పరుగెత్తేవాడు 15 మీటర్లకొకసారి దాన్ని నేలకి కొట్టి తీరాలి. చేత్తో విసరకూడదు, పిడికిలితో గుద్ది అందించాలి. 15 మీటర్లు దాటి వచ్చిన తన్నుని గాలిలోనే పట్టుకుంటే దాన్ని 'మార్క్' అంటారు. అప్పుడు ఎవరూ మీద పడకుండా నింపాదిగా తన్నుకోవచ్చు. మనుషులు ఎదుటివాడి భుజాలమీదికి ఎగబాకి మార్క్ పట్టటం చూస్తే మన సర్కస్ కంపెనీలు గుర్తుకొస్తాయి. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్య నుంచి పోతే 'బిహైండ్', ఒకే పాయింటు. గురి తప్పినా పూర్తిగా ఒట్టి చేతులతో పంపని ఆట ఇది. ఒక్కొక్కటి 20 నిమిషాల ఆటగా నాలుగు భాగాలు. మధ్యలో ఆగిన కాలం కూడా కలుపుతారు కాబట్టి అరగంట దాకా సాగుతుంది. చివర సైరన్ మోగుతుంది.

ఆ బంతి గురించి భౌతికశాస్త్ర విద్యార్థిగా ఒక్క మాట. గుండ్రటి బంతి ఏ వైపు నేలకి తగిలినా ఒకే రకంగా లేస్తుంది. ఈ బంతి అలా కాదు. మొన నేలకి తగిలిందా, పొట్ట తగిలిందా, తగిలేటప్పుడు ఎంత కోణంలో తిరుగుతున్నది, వీటిని బట్టి ఎటైనా పోతుంది. ఎంత గొప్ప ఆటగాడైనా నేలమీద పడిన బంతి విషయంలో కొంత అదృష్టానికి తలవంచవలసిందే.

ఇప్పుడు అసలు విషయం. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో 2025లో 18 జట్లు, ఒక్కో జట్టుకి 23 ఆటలు. గెలిస్తే 4 పాయింట్లు, సమానమైతే చెరి 2. పాయింట్లు సమానంగా ఉన్నప్పుడు 'పర్సెంటేజి' చూస్తారు. తాము చేసిన స్కోరుని ఎదుటివాళ్ళకి ఇచ్చిన స్కోరుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే వచ్చేది అది. అందుకే పూర్తిగా ఓడిపోయిన ఆటలో కూడా ఆఖరి నిమిషపు గోల్‌కి విలువుంటుంది. చిట్టచివర నిలిచిన జట్టుకి 'వుడెన్ స్పూన్' దక్కిందంటారు. అంటే మన వంటింటి కర్ర తెడ్డే. నిజానికి ఎవరి చేతికీ తెడ్డు ఇవ్వరు. ఇచ్చినట్టే ఏడాదిపాటు ఎగతాళి చేస్తారు.

2025లో ఆ తెడ్డు వెస్ట్ కోస్ట్ జట్టుది. 23 ఆటల్లో ఒక్కటి గెలిచి 22 ఓడింది. దానిపైన రిచ్‌మండ్, ఆపైన నార్త్ మెల్బోర్న్, చెరి అయిదు గెలుపులతో. ఇవేమీ అనామక జట్లు కావు. వెస్ట్ కోస్ట్ 2018లో ఛాంపియన్. రిచ్‌మండ్ 2017, 2019, 2020లలో ఛాంపియన్. ఓడలు బళ్ళవటానికి ఎంతో కాలం పట్టలేదు. 2023లో వెస్ట్ కోస్ట్ సిడ్నీలో ఒక ఆట 205కి 34 తేడాతో ఓడింది!

ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో అయితే అట్టడుగు జట్లు కింది తరగతికి దిగిపోతాయి. ఇక్కడ అలా దించరు. పైగా చేయూతనిస్తారు. ఆ చేయూత పేరు 'డ్రాఫ్ట్'. 1986లో మొదలైంది. దేశంలో కొత్తగా ఎదిగివచ్చే కుర్రవాళ్ళని, అంటే మన ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఈడువాళ్ళని, జట్లు వరసలో ఎంచుకుంటాయి. ఆ వరస పట్టికకి తలకిందులు. ఆఖరున ఉన్నవాడికి మొదటి ఎంపిక. ఏ జట్టుకి పోవాలో కుర్రవాడు తేల్చుకోలేడు. (తండ్రి వంద ఆటలు ఆడిన జట్టుకి కొడుకుమీద ప్రత్యేక హక్కు ఉంటుంది. వారసత్వం అక్కడా తప్పలేదు!) జీతాలమీద కూడా పరిమితి ఉంది. డబ్బున్న జట్టు అందరినీ కొనేసుకోకుండా ఆ కట్టడి.

ఈ ఏర్పాట్లేవీ లేని కాలంలో ఏమయ్యేదో తెలుసుకోవాలంటే కళాశాల వాళ్ళమైన మనం ఒక జట్టు కథ వినాలి. మెల్బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళది, పేరే 'యూనివర్సిటీ'. 1908లో పెద్ద లీగ్‌లో చేరింది. ఆడేవాళ్ళు చదువుకునేవాళ్ళు, చదువు ముగించినవాళ్ళు. డబ్బు తీసుకోకుండా ఆడేవారు. 1911 నుంచి మిగతా జట్లు ఆటగాళ్ళకి బాహాటంగా డబ్బివ్వటం మొదలుపెట్టాయి. వీళ్ళు మాత్రం ఇవ్వలేదు, ఇచ్చే ఉద్దేశమూ లేదు. పైగా పరీక్షలు, క్లాసులు. 1911 నుంచి నాలుగేళ్ళు వరసగా అట్టడుగు. చివరికి వరసగా 51 ఆటలు ఓడి, 1914 సీజన్ తర్వాత లీగ్ వదిలేసింది. కొందరు మెల్బోర్న్ జట్టులోకి వెళ్ళారు, చాలామంది మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళారు, వెళ్ళినవాళ్ళలో తిరిగిరానివాళ్ళూ ఉన్నారు. యాభై ఒక్క వారాలు, ఓడతామని తెలిసి కూడా, శనివారం బూట్లు కట్టుకుని బయలుదేరటమంటే మాటలా? నాకు ఏ ఛాంపియన్ జట్టుకన్నా ఈ జట్టుమీదే అభిమానం.

డ్రాఫ్ట్ ఈ అన్యాయాన్ని సరిదిద్దింది నిజమే. కాని ప్రతి మందుకీ ఒక వికటించే గుణం ఉంటుంది కదా. ఓడినవాడికి బహుమానం ఇస్తామంటే, ఓడాలన్న ఆశ ఎక్కడో మొలకెత్తక మానదు.

2009 ఆగస్టులో మెల్బోర్న్, రిచ్‌మండ్ జట్లు ఆడిన ఆట దీనికి పెద్ద ఉదాహరణ. రెండూ అట్టడుగున కొట్టుకుంటున్నవే. అప్పటి నిబంధన ఏమిటంటే, వరసగా రెండేళ్ళు నాలుగు గెలుపులు దాటని జట్టుకి మామూలు ఎంపికకి ముందే అదనంగా మరో ఎంపిక దొరుకుతుంది. మెల్బోర్న్ 2008లో మూడే గెలిచింది. 2009లో కూడా నాలుగు దాటకపోతే దేశంలోని మొదటి ఇద్దరు కుర్రవాళ్ళూ వాళ్ళ సొంతం. అటువంటి పరిస్థితిలో ఆట మొదలైంది. ఆటగాళ్ళని అలవాటులేని స్థానాల్లో ఆడించారన్న విమర్శ అప్పుడే వచ్చింది. అయినా మెల్బోర్న్ 2 పాయింట్లు ముందుంది. సరిగ్గా ముగిసే వేళకి రిచ్‌మండ్ ఆటగాడు జోర్డన్ మెక్‌మాన్ చేతికి బంతి చిక్కింది. సైరన్ మోగిన తర్వాత కూడా ఆ ఒక్క తన్నూ తన్నుకోవటానికి నియమం ఒప్పుకుంటుంది. తన్నాడు. గోల్. రిచ్‌మండ్ 4 పాయింట్ల తేడాతో గెలిచింది.

మెల్బోర్న్ ఆ ఏడు నాలుగు గెలుపుల దగ్గరే ఆగింది. టామ్ స్కల్లీ, జాక్ ట్రెన్‌గోవ్ అనే మొదటి ఇద్దరినీ తీసుకుంది. మూడో ఎంపిక రిచ్‌మండ్‌ది. వాళ్ళకి దొరికినవాడు డస్టిన్ మార్టిన్.

తరువాత కథ చూడండి. 2011 జులైలో మెల్బోర్న్ ఒక ఆటలో 186 పాయింట్ల తేడాతో ఓడింది, కోచ్ డీన్ బెయిలీ ఉద్యోగం పోయింది. ఆ ఏడాది చివర స్కల్లీ వేరే జట్టుకి వెళ్ళిపోయాడు. ట్రెన్‌గోవ్‌ని 2012లో 20 ఏళ్ళకే సహ కెప్టెన్‌ని చేశారు. నా ఈడువాడి నెత్తిన అంత బరువు! 2013లో జట్టు గెలిచింది రెండే ఆటలు. అదే సంవత్సరం లీగ్ విచారణ ముగించి, కావాలని ఓడినట్టు రుజువు కాలేదంటూనే మెల్బోర్న్‌కి 5 లక్షల డాలర్ల జరిమానా వేసి, బెయిలీని, మరో అధికారిని కొంతకాలం ఆటకి దూరంగా ఉంచింది. లెక్కకట్టి ఇచ్చే ఆ అదనపు ఎంపికని 2012లోనే ఎత్తేశారు. రిచ్‌మండ్‌కి వచ్చిన మార్టిన్ మూడు ఛాంపియన్‌షిప్‌లలోను ఫైనల్లో ఉత్తమ ఆటగాడయ్యాడు. మెల్బోర్న్ మళ్ళీ ఛాంపియన్ కావటానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది. ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. 1859లో ఈ ఆటకి మొట్టమొదటి నియమాలు రాసుకున్నది ఈ మెల్బోర్న్ క్లబ్బువాళ్ళే.

మాది వ్యవసాయ కుటుంబం కాబట్టి నాకు ఈ వ్యవహారం కౌలు భాషలోనే బాగా అర్థమవుతుంది. సొంత పొలమున్న ఆసామి ఒక పంట మానుకుని జనుమో జీలుగో చల్లి, కలియదున్ని, వచ్చే ఏటికి నేలని బలం చేసుకోగలడు. ఏడాది కౌలుకి చేసేవాడు ఆ పని చేయగలడా? పచ్చిరొట్ట ఖర్చు అతనిది, ఆ బలం తినే పంట ఇంకొకడిది. క్లబ్బు ఆసామి వంటిది. బంతి వెంట పరుగెత్తే ఆటగాడు కౌలుదారు. ఈ ఏడు ఓడి వచ్చే ఏడు తెచ్చుకునే కుర్రవాడు కూర్చునేది ఎవరి స్థానంలో? ఇతగాడి స్థానంలోనే! ఒప్పందం ముగియవస్తున్న ఆటగాడికి మీ జట్టు ఓడితే మేలు అని చెప్పి చూడండి, ఏమంటాడో. అందుకే పైన గదుల్లో ఏ లెక్కలు వేసుకున్నా, అట్టడుగు జట్ల ఆటలో మైదానంలో మాత్రం ప్రాణాలకు తెగించి ఆడతారు.

పైగా మొదటి ఎంపిక కూడా నమ్ముకోదగ్గ పంట కాదు. నార్త్ మెల్బోర్న్ 2021లో అట్టడుగున నిలిచి జేసన్ హార్న్-ఫ్రాన్సిస్‌ని మొదటి ఎంపికగా తెచ్చుకుంటే, ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కి వెళ్ళిపోయాడు.

ఇక ఇటువంటి ఆట ఈసారి తారసపడినప్పుడు ఏం చూడాలో నాకు తోచింది చెబుతాను. సంభావ్యత పాఠం చదివినవాళ్ళకి తెలుసు: మొదటి జట్టు ఆఖరి జట్టుతో ఆడితే ఫలితం వల్ల మనకి కొత్తగా తెలిసేది దాదాపు సున్న. ఆఖరి రెండు జట్లూ ఆడితే నాణెం ఎగరేసినట్టే. ఏ ఫలితమైనా వార్తే. బలహీన జట్లు తమ గోల్ దగ్గర నుంచి బంతిని బయటికి తెచ్చేటప్పుడు ఎక్కువ తప్పులు చేస్తాయి, బంతి ఎదుటివాడి చేతికి పోతుంది, వాడూ తప్పు చేస్తాడు. నిపుణులకి అది చికాకు. నాబోటివాడికి బంతి ఈ కొస నుంచి ఆ కొసకి ఊరికే తిరుగుతుంటే కన్నుల పండుగ. గోల్స్ ఎన్ని, బిహైండ్లు ఎన్ని అన్నది వేరువేరుగా చూడండి. పది గోల్స్, అయిదు బిహైండ్లు కొట్టినవాడు 65తో ఉంటే, ఎనిమిది గోల్స్, పదహారు బిహైండ్లు కొట్టినవాడు 64తో ఓడతాడు. ఎక్కువసార్లు గోల్ మీదికి వచ్చింది ఓడినవాడే!

ఎక్కడ ఆడుతున్నారన్నది కూడా ముఖ్యం. వెస్ట్ కోస్ట్ ఊరు పెర్త్. అక్కడికి మెల్బోర్న్ నుంచి విమానంలో నాలుగు గంటలు. ఆట పెర్త్‌లో అయితే, 22 ఓటముల జట్టయినా సరే, నేను వెస్ట్ కోస్ట్ వైపే మొగ్గుతాను. 2025లో వాళ్ళ ఒక్క గెలుపూ సొంత గడ్డమీదిదే. మెల్బోర్న్‌లో అయితే రిచ్‌మండ్‌కో నార్త్‌కో నా ఓటు, అదీ పది పదిహేను పాయింట్లకి మించని తేడాతో. మూడో భాగం ముగిసేసరికి తేడా రెండు గోల్స్ లోపు ఉంటే మాత్రం నేను ఏ అంచనాకీ కట్టుబడను.

అన్నట్టు, మెల్బోర్న్‌లో చలికాలపు మధ్యాహ్నం 2 గంటలైతే మనకి ఉదయం తొమ్మిదిన్నర. ఆదివారం పూట టిఫిన్ ముగించుకుని కూర్చుంటే మెస్ గంట కొట్టేలోపు సైరన్ వినవచ్చు.