ఎలిసెగ్ స్తంభం

రాజుల వంశావళులు చరిత్ర రచనకు ముఖ్యమైన ఆధారాలు. అవి పూర్వీకుల పేర్లతో పాటు, వాటిని రాయించిన రాజు ఆకాంక్షలను కూడా తెలియజేస్తాయి. బ్రిటన్ దీవి పశ్చిమ భాగంలో ఉన్న వేల్స్ దేశంలోని ఎలిసెగ్ స్తంభం ఇందుకు చక్కని నిదర్శనం.

పూర్వం వేల్స్‌లో పోవిస్ అనే రాజ్యం ఉండేది. దాని రాజు కంగెన్ 854లో రోము నగరంలో మరణించాడు. అతడు తన ముత్తాత ఎలిసెగ్ స్మారకంగా లాంగోలెన్ సమీపంలో రాతి స్తంభం నిలిపి, దానిపై లాటిన్ శాసనం చెక్కించాడు. కంగెన్ తండ్రి కాడెల్, తాత బ్రోఖ్‌మయిల్, ముత్తాత ఎలిసెగ్ అని అందులో ఉంది. ఆంగ్లేయుల వశమైన పోవిస్‌ను ఎలిసెగ్ ఖడ్గంతో, అగ్నితో తిరిగి సాధించాడని శాసనం కీర్తించింది. అంతటితో ఆగక, ఆ వంశాన్ని నాలుగు శతాబ్దాల వెనుకటి వోర్టిజెర్న్‌కూ, అతని భార్య సెవిరా ద్వారా రోమన్ చక్రవర్తి మాగ్నస్ మాక్సిమస్‌కూ ముడివేసింది.

అయితే 829-30 ప్రాంతంలో పొరుగున ఉన్న గ్వినెద్ రాజ్యంలో వెలువడిన ‘హిస్టోరియా బ్రిట్టోనుమ్’ వేరే కథ చెప్పింది. దాని ప్రకారం వోర్టిజెర్న్ శత్రువులకు దేశంలో చోటిచ్చిన దోషి. పోవిస్ రాజులకు మూలపురుషుడు ఒక సేవకుడు. ఒకే వంశానికి ఒకచోట చక్రవర్తి రక్తం, మరొకచోట సేవకుని జన్మ!

17వ శతాబ్దంలో స్తంభం విరిగిపోయింది. 1696లో ఎడ్వర్డ్ ల్విడ్ అనే పండితుడు మిగిలిన అక్షరాలను నకలు చేసుకున్నాడు. నేడు రాతిపై అక్షరాలు చదవడానికి వీలు లేదు. ఆ నకలే ఆధారం.

సమీప తరాల పేర్లు జ్ఞాపకాన్నీ, సుదూర తరాల పేర్లు గౌరవకాంక్షనూ సూచిస్తాయి. ఈ భేదాన్ని గుర్తించడమే చరిత్రకారుని వివేకం.