వాదర యజమానిది, కీలు కర్మాగారానిది

మడత చాకు పైకి ఒక అలుగు, ఒక పిడి మాత్రమే అనిపించినా నిర్మాణరీత్యా అది ఒక చిన్న యంత్రం. మామూలు కత్తిలో లేని కీలు, ఆ కీలుకు ఇరుసుగా పనిచేసే రివెట్టు లేదా స్క్రూ, తెరిచిన అలుగును తెరిచినట్టే, మూసిన అలుగును మూసినట్టే నిలిపి ఉంచే స్ప్రింగు, కొన్ని రకాల్లో అదనంగా ఒక తాళం అందులో ఉంటాయి. కత్తికి పదును ఉంటే చాలు గాని, యంత్రానికి శుభ్రత, కందెన, భాగాల మధ్య ఉండవలసినంత సందు కూడా కావాలి. అందువల్ల చాకును వాడే మనిషే బాగుచేసుకోవాలా, తయారుచేసిన సంస్థకు పంపాలా అన్నది ఆ చాకు ఏ లోహంతో, ఏ పద్ధతిలో కూర్చబడిందో తెలిస్తే తప్ప తేలే విషయం కాదు.

ఇందుకు చక్కటి ఉదాహరణ స్విట్జర్లాండ్‌కు చెందిన విక్టోరినాక్స్ చాకు. ఇబాక్ అనే ఊరిలో కార్ల్ ఎల్సెనర్ 1884లో నెలకొల్పిన కర్మశాల 1891లో స్విస్ సైన్యానికి తొలిసారిగా చాకులు అందించింది; సైనికుల చాకు కంటే తేలికైనదీ, ఎక్కువ పనులకు ఉపకరించేదీ అయిన 'అధికారుల చాకు' నమూనాను ఆయన 1897లో నమోదు చేయించారు. ఆ నమూనాలోని తెలివి అంతా వెన్నుభాగంలో అమర్చిన స్ప్రింగులో ఉంది. ఒకే ఉక్కు పట్టీ పిడి రెండు ముఖాల్లోని పనిముట్లనూ నొక్కిపట్టి ఉంచడంతో బరువు పెరగకుండానే పనిముట్ల సంఖ్య పెరిగింది. అదే పద్ధతిలో పొరలు పొరలుగా కూర్చిన 'స్విస్‌చాంప్' నేడు 33 పనులు చేస్తుంది, దాని బరువు 185 గ్రాములు.

ఇలాంటి చాకులో అలుగులు, పనిముట్లు, స్ప్రింగులు అన్నీ ఉక్కే అయినా వాటన్నింటి గట్టిదనం ఒకటి కాదు. లోహం గట్టిదనాన్ని కొలిచే పద్ధతుల్లో ఒకటైన రాక్‌వెల్ సి కొలమానంలో, వజ్రపు శంకువును 150 కిలోల భారంతో లోహంలోకి నొక్కి, అది ఎంత లోతు దిగిందో చూసి అంకె నిర్ణయిస్తారు. లోతు తక్కువైన కొద్దీ అంకె పెరుగుతుంది. విక్టోరినాక్స్ చాకులో అలుగుల గట్టిదనం 56, కత్తెర, రంపాలది 53, స్క్రూడ్రైవరు, డబ్బా ఓపెనర్లది 52, స్ప్రింగులది 49. గట్టి ఉక్కు పదును నిలుపుకుంటుంది గాని వంగమంటే విరుగుతుంది. వేలసార్లు వంగి మళ్లీ నిటారుగా నిలవవలసిన స్ప్రింగుకు గట్టిదనం కొంత వదులుకుని సాగుడు తెచ్చుకోక తప్పదు. ఈ తేడాలు కొలిమిలో, నిర్ణీత ఉష్ణోగ్రతల వద్ద పుట్టినవి కాబట్టి, సడలిన స్ప్రింగును ఇంట్లో పటకారతో వంచి, స్టవ్ మంట మీద కాచి సరిచేయాలనుకోవడం దాని ప్రాణాన్ని తీయడమే.

వేడి చేసే హాని అలుగు విషయంలో ఇంకా ఎక్కువ. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చినప్పుడు కర్బన పరమాణువులు ఇనుప స్ఫటికాల మధ్య చిక్కుకుపోయి, మార్టెన్సైట్ అనే మహా గట్టి నిర్మాణం ఏర్పడుతుంది. అది గాజులా పెళుసుగా ఉంటుంది కనుక దాన్ని మళ్లీ తక్కువ వేడిలో, చాకుల ఉక్కులకు సాధారణంగా 200 డిగ్రీల సెల్సియస్ అటూఇటూగా, కాచి పెళుసుదనం తగ్గిస్తారు. దీనినే టెంపరింగ్ అంటారు. ఆ తర్వాత వాదర ఎప్పుడైనా అంతకు మించి వేడెక్కితే ఉక్కు మెత్తబడిపోతుంది. కత్తులూ కత్తెరలూ సాన పడతామని కేకవేస్తూ వీధుల్లో తిరిగే సాన పనివారి చక్రం కత్తిపీటకూ, కొడవలికీ ఎంతో మేలు చేస్తుంది. అదే చక్రం నీళ్లు లేకుండా గిరగిర తిరుగుతూ పలుచని చాకు వాదరను తాకినప్పుడు, వేడి పాకిపోవడానికి వెనుక లోహం అంతగా ఉండదు కాబట్టి అంచు క్షణాల్లో కాలిపోతుంది. కర్బన ఉక్కు మీద లేత పసుపు రంగు కనిపిస్తే వేడి 220 డిగ్రీల దాకా, నీలి రంగు కనిపిస్తే దాదాపు 300 డిగ్రీల దాకా చేరిందని అర్థం. అలా నీలంగా మారిన వాదరను ఎంత నూరినా, మెత్తబడిన మేర పూర్తిగా అరిగిపోయేవరకు పదును నిలవదు. తప్పు సాన పనివారి నైపుణ్యానిది కాదు. ఆ పనికి తగని సాధనానిది.

చేత్తో రాయి మీద నూరడంలో ఈ ప్రమాదం లేదు. వాదర అంటే అలుగు రెండు పక్కల వాలుతలాలు కలిసే గీత. మంచి పదును గల చాకులో ఆ గీత మందం ఒక మైక్రాన్ కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే తక్కువ ఉంటుంది. వాడుతున్న కొద్దీ ఆ గీత కొంత అరుగుతుంది, కొంత పక్కకు ఒరుగుతుంది. నూరడమంటే రెండు వాలుతలాలనూ ఒకే కోణంలో తిరిగి కలపడం తప్ప మరొకటి కాదు. జేబు చాకుకు ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీల కోణం సరిపోతుంది. కొలవడానికి పరికరం అక్కరలేదు: కాగితం మూలను ఒకసారి మధ్యకు మడిస్తే 45 డిగ్రీలు, ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర డిగ్రీలు వస్తాయి గనుక, ఆ మడతను రాయి పక్కన నిలబెట్టి అలుగును దానికంటే కాస్త వాల్చి పట్టుకుంటే చాలు. ఒక పక్క నూరుతూ ఉంటే కొంతసేపటికి రెండో పక్కన అంచు పొడవునా వేలికి గరుకుగా తగిలే సన్నని లోహపు రేకు లేస్తుంది. అది లేచిందంటే వాలుతలం చివరి దాకా అరిగిందని గుర్తు. అప్పుడు రెండో పక్క నూరి, ఆపై ఒత్తిడి తగ్గిస్తూ ఇరుపక్కలా మార్చి మార్చి నూరి, చివరకు పాత క్షౌరశాలల్లో మంగలికత్తిని తోలుపట్టీ మీద ఆడించినట్టు అలుగును వెనక్కి లాగుతూ ఆ రేకును రాల్చివేయాలి. అందరూ తొందరపడి వదిలేసే మెట్టు ఇదే. రేకు మిగిలి ఉన్న చాకు నూరిన పూట చక్కగా తెగి, మర్నాటికి మొద్దుబారుతుంది.

ఏ రాయి వాడాలన్నది ఉక్కులోని కార్బైడులను బట్టి ఉంటుంది. లోహమూలకాలు కర్బనంతో కలిసి ఏర్పరిచే అతి గట్టి రేణువులను కార్బైడులు అంటారు. ఉక్కు అనే మెత్తని నేలలో అవి గులకరాళ్లలా పొదిగి ఉండి అరుగుదలను అడ్డుకుంటాయి. వీటికి తెలుగు నేలతో పాత బంధుత్వం ఉంది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు; ఆ జాతి ఉక్కుతో చేసిన డమాస్కస్ కత్తుల మీద కనిపించే అలల గీతలు ఇనుప కార్బైడు వరుసలేననీ, అవి అలా బారులు తీరడానికి ఖనిజంలో లేశమాత్రంగా ఉన్న వెనేడియం వంటి మూలకాలు దోహదం చేశాయనీ అమెరికా లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్ పరిశోధనలు తేల్చాయి. నాడు లేశమాత్రమైన ఆ వెనేడియాన్ని నేటి ఖరీదైన చాకుల ఉక్కుల్లో కావాలనే కలుపుతున్నారు. ఎస్30వి అనే ఉక్కులో అది 4 శాతం. వెనేడియం కార్బైడు సాధారణ అల్యూమినియం ఆక్సైడు రాయి కంటే గట్టిది కనుక అటువంటి చాకును నూరడానికి వజ్రపు పొడి అతికించిన పలక కావాలి. విక్టోరినాక్స్ వంటి మెత్తని ఉక్కుకైతే హార్డ్‌వేరు దుకాణంలో దొరికే మామూలు కార్బోరండం రాయి, కాసిని నీళ్లు చాలు. త్వరగా మొద్దుబారే ఉక్కు ఇంటి రాయికి సులభంగా లొంగుతుంది; చాలాకాలం పదును నిలిపే ఉక్కు, పదును పోయాక యజమానిని కర్మాగారం వైపు నెడుతుంది. చాకు కొనేటప్పుడే ఆలోచించవలసిన సంగతి ఇది.

ఇక కీలు. తుప్పు పట్టని ఉక్కు అని పేరు మోసిన స్టెయిన్‌లెస్ చాకు కూడా మొదట తుప్పు పట్టేది ఇక్కడే, దానికి కారణం ఆసక్తికరమైనది. ఆ ఉక్కులో కనీసం పదిన్నర శాతం ఉండే క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడు పొరగా ఉపరితలాన్ని కప్పుతుంది. గీత పడినా ఆక్సిజన్ అందుతున్నంతకాలం ఆ పొర తనంతట తానే పూడుకుంటుంది. కీలు లోపలి ఇరుకు సందులో జేబునూలు, చెమటలోని ఉప్పు, పండ్ల రసం చేరి తడిగా నిలిచిపోతే అక్కడికి ఆక్సిజన్ అందదు, పొర పూడుకోదు, ఉప్పులోని క్లోరైడు అయాన్లు లోహాన్ని గుంటలుగా తొలుస్తాయి. దీనిని సందు తుప్పు అనవచ్చు. పైకి తళతళలాడే చాకు లోపల చెడిపోవడం ఇలాగే జరుగుతుంది; ఉప్పుగాలి వీచే కోస్తా ఊళ్లలో ఇది మరింత త్వరగా జరుగుతుంది.

దీనికి విరుగుడు పూర్తిగా యజమాని చేతిలోనిదే. చాకును గోరువెచ్చని నీటిలో ముంచి పలుమార్లు తెరిచి మూసి, మురికి వదిలాక బాగా ఆరబెట్టి, కీలులో ఒకే ఒక్క నూనె చుక్క వేయాలి. ఏ నూనె అన్న దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. పల్లి, నువ్వుల నూనెల అణువుల్లో ఉండే ద్విబంధాలు క్రమంగా ఆక్సిజన్‌తో చర్య జరిపి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. వంటింట్లో పొయ్యి పక్క గోడ మీద పేరుకునే వదలని జిగట ఈ చర్య ఫలితమే, అదే జిగట కీలులోనూ పుడుతుంది. కొబ్బరినూనెలో ద్విబంధాలు తక్కువే అయినా అది సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది కాబట్టి చలికాలపు ఉదయాన చాకు కదలదు. ద్విబంధాలు లేని ఖనిజ నూనెకు ఈ రెండు దోషాలూ లేవు. మందుల దుకాణంలో అమ్మే లిక్విడ్ పారఫిన్ ఆ జాతిదే. పండ్లు కోసుకునే చాకుకు అది శ్రేష్ఠం. ఆహారానికి తగలని చాకుకు కుట్టుమిషను నూనె చాలు. అంతకుమించి నూనె పోస్తే అది ధూళిని పట్టి ఉంచి, ఆ ధూళి గరుకు కాగితంలా కీలును అరగదీస్తుంది.

శుభ్రం చేయడం వేరు, విప్పడం వేరు. విక్టోరినాక్స్ చాకు పొరలన్నీ చివరలు కొట్టి బిగించిన రివెట్ల మీద నిలిచి ఉంటాయి. వాటిని విప్పాలంటే పగలగొట్టాలి, తిరిగి బిగించాలంటే అలుగు కదలకుండానూ, బిగుసుకుపోకుండానూ ఉండే సందును వెంట్రుక కంటే తక్కువ తేడాతో సాధించాలి. పిడి పైపలకలు, కత్తెరలోని చిన్న స్ప్రింగు, పళ్లపుల్ల, పట్టకారు మాత్రం ఎవరైనా మార్చుకోగలవి. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో 1890లో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన చాకు మరో కోవకు చెందుతుంది: బీచ్ చెక్క పిడి, ఒక అలుగు, ఒక రివెట్టు, 1955లో వచ్చి చేరిన తిరిగే తాళపు కడియం, అంతే. ఇందులో చెడే భాగాలు అతి తక్కువ. చెక్క తడికి ఉబ్బి అలుగును బిగబట్టినప్పుడు ఆరనిస్తే చాలు, కర్బన ఉక్కు అలుగైతే వాడిన వెంటనే తుడిచి నూనె రాస్తే చాలు. నిమ్మకాయలోని, మామిడికాయలోని పులుపుకు ఆ అలుగు నల్లబడినా భయపడనక్కరలేదు, తొలగించవలసింది ఎర్రని తుప్పును మాత్రమే.

స్క్రూలతో కూర్చిన ఆధునిక చాకులు విప్పమని పిలుస్తున్నట్టే ఉంటాయి, వాటి విషయంలో సంస్థల వైఖరులు కూడా వేరువేరు. అమెరికాలోని క్రిస్ రీవ్ సంస్థ తన సెబెంజా చాకును యజమాని విప్పి శుభ్రం చేసుకోవడాన్ని ఆమోదిస్తుంది. బెంచ్‌మేడ్ సంస్థ తన చాకులను తెప్పించుకుని శుభ్రపరిచి నూరి పంపే సేవ నడుపుతుంది. విప్పితే వారంటీ చెల్లదనే సంస్థలు కూడా ఉన్నాయి. వారంటీ పత్రాన్ని చదవకుండా స్క్రూ తిప్పకూడదు. విక్టోరినాక్స్ జీవితకాల హామీ వంటివి లోహంలోని, తయారీలోని లోపాలకే వర్తిస్తాయి గాని అరుగుదలకు, దుర్వినియోగానికి వర్తించవు. విప్పడానికి అనుమతి ఉన్నచోట కూడా ఆరు రెక్కల నక్షత్రం ఆకారపు గుంట గల టార్క్స్ స్క్రూలకు సరైన కొలత మొన వాడకపోతే గుంట అరిగిపోయి స్క్రూ ఇక సులభంగా రాదు.

అన్నింటికంటే పట్టించుకోవలసింది తాళం. పిడి లోపలి పలుచని లోహపు పట్టీ పక్కకు జరిగి అలుగు మొదలుకు అడ్డునిలిచే లైనర్ లాక్ వంటి తాళాల్లో ఆ రెండు ముఖాలు కలిసే కోణమే వేళ్లకు రక్ష. దాన్ని ఆకురాయితో సవరించబోవడం ఏ గృహస్థూ చేయకూడని పని. తెరిచిన అలుగు వెన్నును చేత్తో మెల్లగా నొక్కినప్పుడు తాళం జారినా, స్ప్రింగు పగిలినా, రివెట్టు వదులై అలుగు పక్కలకు ఊగినా ఆ చాకు కర్మాగారానికి వెళ్లవలసిందే. అది చౌక చాకై పంపడానికయ్యే ఖర్చు దాని వెలను మించితే, వాడడం మానేయడమే సరైన నిర్ణయం. పదును పోయిందనో, కీలు గరగరలాడుతోందనో చాకును దేశాలు దాటించనక్కరలేదు. తాళం జారే చాకును మాత్రం బాగయ్యేవరకు పాఠకులు జేబులో పెట్టుకోవద్దు, పిల్లల చేతికి అసలే ఇవ్వవద్దు.