న్యాయమూర్తి కోకా సుబ్బారావు

కోనసీమకు ఎగువన, గోదావరి గట్టుననున్న రాజమహేంద్రవరమున 1902లో కోకా సుబ్బారావుగారు జన్మించిరి. 1954లో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసినప్పుడు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియైరి. 1958లో సుప్రీంకోర్టున ప్రవేశించిరి.

ధర్మాసనమున అభిప్రాయభేదము కలిగినచో అధికసంఖ్యాకుల మాటయే తీర్పగును. తక్కినవారి మాటయు గ్రంథస్థమై నిలుచును. 1962లో ఖరక్ సింగు వ్యాజ్యెము వచ్చెను. దోపిడీ కేసులో సాక్ష్యము చాలక విడుదలయైన అతని యింటికి పోలీసులు రాత్రివేళ వచ్చి తలుపు తట్టుచుండిరి. రాత్రి తనిఖీలు చెల్లవని ఆరుగురు న్యాయమూర్తులును ఒప్పిరి. కాని అతని రాకపోకలను కనిపెట్టుచుండుట తప్పుకాదని నలుగురనిరి. నిఘా నీడలో తిరుగువానికి స్వేచ్ఛ యెక్కడిది? ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో భాగమేయని సుబ్బారావుగారు వ్రాసిరి. షాగారొక్కరే వారితో ఏకీభవించిరి.

వారు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియై, 1976లో కీర్తిశేషులైరి. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా ఆ యల్పసంఖ్యాకుల మాటయే సరియని నిర్ణయించిరి.