తెల్లవార్లూ మేలుకుంటే కలెక్టరవుతారా?

కోయిలకుంట్ల నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ముందు చదవండి. ఊరి పేరు ఉంచి, తక్కిన గుర్తులన్నీ తీసేశాను.

"డాక్టరుగారికి నమస్కారములు. మావాడికి ఇరవై ఏడేళ్లు. ఐ.ఏ.ఎస్. పరీక్షకు చదువుతున్నాడు. రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ ప్రిలిమ్స్‌లోనే పోయింది. హైదరాబాదులో గది తీసుకుని చదివేవాడు. ఖర్చు మోయలేక పోయినేడు ఇంటికి పిలిపించుకున్నాము. ఇప్పుడు రాత్రి మూడు గంటలదాకా చదువుతాడు. పక్కన ఫ్లాస్కు నిండా టీ ఉండాలి. ఏడు కొట్టేసరికి వాళ్ల నాయన కేకలేసి లేపుతాడు. అన్నం సగం తట్టలోనే వదిలేస్తాడు. తలనొప్పి, కళ్లమంట, మూత్రంలో మంట. చదివింది చదివినట్టే మరిచిపోతున్నానమ్మా అని మొన్న ఏడ్చాడు. ఈసారి కూడా పోతే నా ముఖం మీకు చూపించను అంటాడు. రోజూ బాదంపప్పు నానబెట్టి ఇస్తున్నాను. జ్ఞాపకశక్తికి మంచి టానిక్కు ఏదన్నా చెప్పగలరు. వాళ్ల నాయనకు తెలియకుండా రాస్తున్నాను."

అమ్మా, టానిక్కు పేరు చెప్పను. జ్ఞాపకశక్తిని సీసాలో పోసి అమ్మే మందును ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. బజారులో ఆ పేరుతో దొరికేవి డబ్బు దండగ. మీవాడి జబ్బుకు పేరు మాత్రం చెప్పగలను. నిద్రబాకీ. ఆ బాకీతోబాటు నీళ్ల బాకీ, తిండి బాకీ కూడా ఉన్నాయి. సివిల్సుకో, గ్రూప్ 1కో చదివే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి పనికొస్తుంది కనుక జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ఊరి పేరు చూడగానే చరిత్ర గుర్తుకొచ్చింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తన మనుషులతో వచ్చి దాడి చేసిన ట్రెజరీ కోయిలకుంట్లదే. ఆయన్ను 1847 ఫిబ్రవరి 22న ఉరితీసిందీ అక్కడే. ఆ రోజుల్లో జిల్లాను ఏలే కలెక్టరుకు పోటీ పరీక్ష లేదు. కంపెనీ డైరెక్టర్ల సిఫార్సు ఉంటే చాలు, కుర్చీ దొరికేది. పోటీ పరీక్ష 1855లో మొదలైంది, అదీ లండన్‌లో. మన దేశంలో ఆ పరీక్ష రాసే వీలు 1922లో గాని కలగలేదు. మన భాషల్లో జవాబులు రాసే వీలు 1979లో వచ్చింది. ఇంత ఆలస్యంగా మన గడపదాకా వచ్చిన పరీక్ష గదా, పిల్లలు ప్రాణం పెట్టి చదవడంలో వింత లేదు. ప్రాణం పెట్టి చదవడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమని అర్థం చేసుకోవడంతోనే వస్తోంది చిక్కంతా.

రాత్రి రెండింటికి చదివింది ఎక్కడికి పోతుంది?

కొట్టులో గుమాస్తా పగలంతా వచ్చినవీ పోయినవీ చిట్టాలో గబగబా రాసుకుంటాడు. రాత్రి కొట్టు కట్టేశాక తీరిగ్గా కూర్చుని, ఏ పద్దు ఎక్కడికి చెందుతుందో చూసి ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. మన మెదడు చేసేదీ ఇదే. పగలు చదివింది ముందు హిప్పోకాంపస్ అనే చిన్న భాగంలో చిట్టాగా పడుతుంది. గాఢనిద్రలో అది మెదడు పైపొరలకు చేరి నిలకడ పడుతుంది. గుమాస్తాను ఆ రెండోపని చెయ్యనివ్వకుండా మళ్లీ మళ్లీ చిట్టా రాయిస్తూ కూర్చుంటే లెక్క ఏమవుతుందో వ్యాపారస్తులకు వేరే చెప్పాలా?

1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులమీద ఒక పరీక్ష చేశారు. అర్థంలేని మాటల జాబితాలు బట్టీ పట్టించి, కొన్నిసార్లు వెంటనే నిద్రపోనిచ్చారు, కొన్నిసార్లు మెలకువగా ఉంచారు. అన్ని గంటలే గడిచినా, నిద్రపోయి లేచినప్పుడు వాళ్లకు ఎక్కువ మాటలు గుర్తున్నాయి. తరువాత వందేళ్లుగా జరిగిన పరిశోధనలూ మొత్తంమీద ఆ వైపే చూపిస్తున్నాయి. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఇంకొకటి తేల్చారు. మనిషి ఏకబిగిన పదిహేడు గంటలు మేలుకుంటే, చేతికీ బుద్ధికీ ఉండే చురుకుదనం కాస్త సారా తాగినవాడి స్థాయికి పడిపోతుందట. ఏడింటికి లేచినవాడికి పదిహేడు గంటలంటే అర్ధరాత్రి. ఆపైన మూడు గంటలు మీవాడు రాజ్యాంగం అధికరణాలు ఏ స్థితిలో చదువుతున్నాడో ఆలోచించండి!

పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడుగంటల నిద్ర కావాలి. ఇతనికి దక్కుతున్నది నాలుగు. ప్రిలిమ్స్ మొదటి పేపరులో నూరు ప్రశ్నలు, ప్రశ్నకు రెండు మార్కులు. తప్పు జవాబుకు అందులో మూడోవంతు కోసేస్తారు. నిద్రలేని మెదడుకు తెలియనిదాన్ని తెలుసనుకునే జబ్బు ఒకటుంటుంది. వదిలెయ్యవలసిన ప్రశ్నను వదలదు. ఇంట్లో నిద్ర ఆపుకుని సంపాదించిన మార్కులు హాలులో అలా పోతాయన్నమాట.

కోడి కూసే వేళకు తిరగండి

ప్రిలిమ్స్ ఉదయం తొమ్మిదిన్నరకు ఒకటి, మధ్యాహ్నం రెండున్నరకు ఒకటి. రాత్రి మూడుదాకా మేలుకునే శరీరానికి తొమ్మిదిన్నర అంటే సగం నిద్ర. మధ్యాహ్నం రెండున్నర సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రెండో పేపరు మార్కులు ర్యాంకులో కలవవు. అయినా అందులో నూటికి ముప్ఫైమూడు రాకపోతే మొదటి పేపరు ఎంత బాగా రాసినా లాభంలేదు. బాగా చదివిన పిల్లలు కూడా ఈ కునికిపాటు పేపరులో బోల్తా పడుతుంటారు.

పరీక్షకు మూడు వారాల ముందైనా గడియారం మార్చుకోవాలి. ఒక్కరోజులో మారదు. రెండు రోజులకొకసారి అరగంట చొప్పున పడకవేళ ముందుకు జరపండి. లేచేవేళ మాత్రం ఆదివారమైనా మారకూడదు. లేవగానే ఒక పావుగంట ఎండపొడలో నడవాలి. మెదడులోని గడియారానికి కీ ఇచ్చేది ఆ వెలుతురే. మీ ఊళ్లో ఎండాకాలం పొద్దున నాలుగున్నర నుంచి తొమ్మిదిదాకా మిద్దెమీద ఎంత హాయిగా ఉంటుందో నాకంటే మీకే బాగా తెలుసు. కష్టమైన పాఠం ఆ చల్లదనంలో చదవాలి. మధ్యాహ్నం భోజనమయ్యాక ఇరవై నిమిషాలో అరగంటో కునుకు తీస్తే తప్పులేదు. గంట దాటితే మాత్రం మంచం దిగబుద్ధి కాదు.

ఇక ఆ ఫ్లాస్కు. టీలోని కెఫీన్ సగం విరగడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగిన టీ మూడింటికి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. పడుకున్నా నిద్ర పలచగా పడుతుంది, పొద్దున తల దిమ్ముగా ఉంటుంది, ఆ దిమ్ము వదలడానికి మళ్లీ టీ! సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ మానిపించండి. ఒక్కసారిగా మానిపిస్తే రెండు మూడు రోజులు తలనొప్పి వస్తుంది గనక రోజుకొక గ్లాసు చొప్పున తగ్గించండి. నిద్ర రాకుండా ఉండటానికి బిళ్లలు వాడే పిల్లలూ ఉన్నారు. గుండెదడ, బెదురు, ఆపైన అలవాటు. స్నేహితుడిచ్చాడని అవి మింగటంకంటే ఆ ఏడాది పరీక్ష మానుకోవడం నయం.

రోహిణి కార్తె పరీక్ష

2023లో ప్రిలిమ్స్ మే 28న జరిగాయి, 2025లో మే 25న. అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తె. చదువు ఉధృతమయ్యేదీ, నంద్యాల సీమలో వేడి నలభై డిగ్రీలు దాటేదీ ఒక్క రోజుల్లోనే. పుస్తకం ముందు కూర్చున్నవాడికి దాహం తెలియదు. పొద్దుననగా తాగిన చెంబుడు నీళ్లతోనే సాయంత్రం చేస్తాడు. తలనొప్పి, మతిమరుపు, మూత్రంలో మంట చాలావరకు అక్కడినుంచే రావచ్చు. మూత్రం గడ్డినీళ్ల రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు, ముదురు పసుపైతే చాలనట్టు. పలచని ఉప్పుమజ్జిగ ఒక కుండ బల్ల పక్కనే పెట్టండి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్నచెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, రెండూ చదును చేసి కొలిచినవి, కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. నీళ్లు ఎక్కువ తాగినా రెండు మూడు రోజుల్లో మంట తగ్గకపోతే, లేదా జ్వరం, నడుంనొప్పి తోడైతే ఆలస్యం చెయ్యకుండా మూత్రపరీక్ష చేయించండి.

తిండికి బాదంపప్పే కావాలని లేదమ్మా. పెట్టడం తప్పు కాదు, ఖరీదే ఎక్కువ. మీ నల్లరేగడిలో పండే శనగలు గుప్పెడు నానబెట్టి పెట్టినా బలమే. కొర్రన్నం, రాగిసంకటి, జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు తింటే ఎక్కువసేపు నిలకడగా ఉంటుంది. అన్నం మీద వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. గంట ఆగాలి. పప్పులో నిమ్మకాయ పిండితే ఎక్కువ పడుతుంది. ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం. నెలనెలా పోయే రక్తానికి తగ్గ తిండి లేక, రక్తహీనతతో ఆయాసపడుతూ, బద్ధకమనిపించుకుంటూ చదివే పిల్లలు ఎందరో. పరీక్షరోజు కలిసొస్తుందని బహిష్టు వాయిదా వేసే మాత్రలు మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

పరీక్షనాడు పొద్దున ఉగ్గాని తినండి, నోరూరినా మిరపకాయ బజ్జీ ముట్టకండి. రెండు పేపర్ల మధ్య మూడు గంటల విరామంలో పెరుగన్నం చాలు. బిరియాని తిని రెండున్నరకు కూర్చున్నవాడికి ప్రశ్నపత్రమే దిండులా కనిపిస్తుంది. ఎంత దూరమైనా ముందురోజు సాయంత్రానికే పరీక్ష ఊరు చేరుకోండి.

కళ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఇరవై నిమిషాలకొకసారి పుస్తకం మీదినుంచి, ముఖ్యంగా ఫోను మీదినుంచి చూపు తిప్పి, ఇరవై అడుగుల దూరంలోని చెట్టునో గోడనో ఇరవై సెకన్లు చూడాలి. రెప్పలు ఆర్పుతుండాలి. అయినా తలనొప్పి పోకపోతే అద్దాలు కావాలేమో చూపించుకోండి. బోర్లా పడుకుని చదివితే మెడ, నడుము రెండూ పోతాయి. మెయిన్స్ రాసేవాళ్లు రోజుకు రెండు పేపర్లు, ఆరు గంటలు రాయాలి గనక చేతికి ఆ అలవాటు ఇంట్లోనే చెయ్యాలి.

ఆ ఒక్క వాక్యం

ఇంత రాసినా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది వేరే మాట. "నా ముఖం మీకు చూపించను." మీరు దాన్ని టానిక్కుకు ముందు మామూలుగా రాసేశారు. నేను మామూలుగా తీసుకోలేను.

ఈ రోజే అతనితో ఒంటరిగా కూర్చోండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి, పుట్టదు. ఎవరూ అడగకపోవడంవల్లనే చాలామంది లోలోపల కుములుతారు. అవునంటే తిట్టకండి, ఏడవకండి, ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఆ పూటే బయటికి పంపించెయ్యండి. 14416కు ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చులేదు. తరువాత నంద్యాలలోనో కర్నూలులోనో మానసిక వైద్యుడికి చూపించండి. అతను లేదన్నా సరే, రెండు వారాలకు మించి నిద్రపట్టక, తిండి సయించక, ఏదీ ఇష్టంలేకుండా ఉంటే చూపించవలసిందే.

వాళ్ల నాయనతో కూడా ఒక మాట. ఈ పత్రిక మీ ఇంటికి వస్తోంది గనక ఆయన కంటపడకపోదు. అయ్యా, మూడింటికి పడుకున్నవాణ్ణి ఏడింటికి లేపితే చదువు రాదు, కోపమొస్తుంది. పదిన్నరకు దీపం ఆర్పించండి, అయిదున్నరకు లేపండి. అప్పుడు మీ కేక అవసరం ఉండదు. ఇంకొకటి. జనరల్ వర్గంవారికి ఈ పరీక్ష ఆరుసార్లు రాసే వీలుంది, ముప్ఫై రెండేళ్ల వయసుదాకా. 2017 పరీక్షలో దేశానికే మొదటి ర్యాంకు తెచ్చుకున్న మెట్‌పల్లి అనుదీప్ దురిశెట్టికి అది అయిదో ప్రయత్నం, అప్పటికే ఆయన రెవెన్యూ సర్వీసులో ఉద్యోగి. 2016 పరీక్షలో మూడో ర్యాంకు వచ్చిన శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణ అంతకుముందు బడిపంతులు. ఇద్దరూ జీతం తెచ్చుకుంటూ చదివారు. మీవాడూ పొద్దున చదువుకుని, పగలు నాలుగు గంటలు ఏ ట్యూషనో చెప్పుకుంటే చదువు చెడదు. నలుగురి ముఖాలు చూస్తాడు, చేతిలో పది రూపాయలు ఆడతాయి, రాత్రికి నిద్రపడుతుంది. పరీక్ష పోతే ఏం చెయ్యాలన్నది ఫలితం వచ్చిన రోజున కాదు, ఇప్పుడే తండ్రీ కొడుకులిద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి.

అమ్మా, ఈ వారంలో అతనికి రక్తపరీక్ష చేయించండి. హీమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర చూడమనండి. మీరు మాంసం, గుడ్లు తినని ఇల్లయితే బి12 కూడా. ఫలితాలు నాకు రాయండి. ఫ్లాస్కు మాత్రం ఇవాళే అటక మీద పెట్టెయ్యండి.